మడతలో వదిలిన గుడ్డ

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. నిద్రలో కూడా తీయదని మొగుడు ఎగతాళి చేస్తాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. పిల్లలు లేరన్న బెంగ ఆ ఇంట్లో ఎప్పుడో పాతబడిపోయింది. పిల్లల హోమ్ వాళ్ళు స్కూలు గౌన్లు కుట్టమని పిలిచాక మళ్ళీ కొత్తదైంది. కొలతలకు వరసలో నిలబడ్డవాళ్ళలో ఒక బక్కపిల్ల, చేతులు చాపమంటే చాపి, ఎవరూ దించమనలేదని అలాగే నిలబడిపోయింది.

"దించవే తల్లీ, నొప్పెడతాయి" అంది టైలరమ్మ. ఇంటికెళ్ళి మొగుడితో ఆ పిల్లే కావాలంది.

కావాలంటే ఇచ్చేస్తారా? దత్తతకు రూల్సున్నాయి. పిల్ల మరీ చిన్నది, మీ ఇద్దరి వయసూ కలిపితే ఆ వయసు పిల్లలకు పెట్టిన హద్దు దాటుతోంది, పిల్ల ఎదిగితే హద్దు కూడా పెరుగుతుంది, అందాకా ఆగమంది ఆఫీసరమ్మ.

"పిల్లకి ఒక ఏడు పెరిగేసరికి మాకు చెరో ఏడు పెరుగుతుంది కదండీ, ఎప్పటికి అందుకుంటాం?" అన్నాడు మెకానిక్. ఆఫీసరమ్మ నవ్వలేదు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆ రూలును ఆవిడేం కనలేదుగా.

ఆగారు. హద్దు కలిసొచ్చేసరికి పిల్లకు విడిగా గది ఉండాలన్నారు. ఉన్న రెండు గదుల్లో ఒకటి కుట్టు గది. మిషను వంటింట్లోకి వచ్చి పడింది. బట్టలకు ఉల్లిపాయల వాసనొస్తోందని బేరాలు సగం పోయాయి. కత్తెరలూ సూదులూ తాళంలో ఉండాలన్నారు. అప్పట్నుంచి గుడ్డ కత్తిరించాలంటే ముందు తాళంచెవి వెతుక్కోవాలి. మెకానిక్‌కు బీపీ ఉందని తేలితే అది దిగేదాకా మళ్ళీ ఆగమన్నారు. ఇవన్నీ పిల్ల మంచికేనట. కాదని ఎవరన్నారు? కానీ తిరిగి తిరిగి ఆమె కాళ్ళరిగిపోయాయి. ఒక్కోసారి ఆఫీసు మెట్లమీదే కూర్చుని, ఇంక నావల్ల కాదు అనుకునేది.

అన్నిటికంటే కష్టమైన రూలు ఇంకొకటుంది. ఖరారయ్యేదాకా పిల్లకు ఒక్క ముక్క చెప్పకూడదు. ఆశపెట్టి లేదనిపించడం ఘోరమని టైలరమ్మకూ తెలుసు. అందుకే నోరు మూసుకుంది. రెండేళ్ళకోసారి వెళ్ళి కొలతలు తీసేది, గౌను ఇచ్చి వచ్చేసేది. చేతనైందల్లా ఒక్కటే. అందరి గౌన్లకూ అడుగున నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలితే, ఆ పిల్ల గౌనుకు జానెడు వదిలేది. పొడుగైన కొద్దీ విప్పుకోవచ్చు, పొట్టి గౌనేసుకుందని ఎవరూ నవ్వరు. చెప్పలేని ముద్దంతా ఆ మడతలోనే పెట్టింది పిచ్చిది.

చివరికి అన్నీ కుదిరాయి. ఇంతలో పిల్ల ఎదిగిందిగా, ఇప్పుడు పిల్ల కూడా ఒప్పుకోవాలట. అదీ రూలే.

వార్డెన్ గదిలో కూర్చోబెట్టి ఆఫీసరమ్మ అడిగింది. "ఈ ఆంటీవాళ్ళు నిన్ను పెంచుకుంటామంటున్నారు. వెళ్తావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

మెకానిక్ కుర్చీలోంచి లేచి, ఏం చేయాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు.

"ఎందుకమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"టైలరాంటీకి నేనంటే ఇష్టం లేదు."

"అదేంటే!" అంది టైలరమ్మ.

పిల్ల వంగి గౌను అంచు తిప్పి చూపించింది. "అందరికీ కొంచెమే వదులుతావు. నాకు మాత్రం ఇంత. నేను ఇక్కడే పెరుగుతానని నీకు ముందే తెలుసు. నన్నెవరూ తీసుకెళ్ళరని తెలుసు. వార్డెన్ మేడమ్ కూడా అంది, నీకింక చాలా ఏళ్ళు గౌన్ల బెంగ లేదని."

టైలరమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం రూల్సు మీదో తన మీదో తెలియలేదు. ఇంత తిరుగుడూ తిరిగింది ఈ మాట వినడానికా? లేచి, పిల్ల ముందు నేలమీద చతికిలబడింది. సంచిలోంచి కత్తెర తీసింది. దారం కొస తెంపి లాగితే మడత మొత్తం ఊడి పిల్ల పాదాల మీదికి జారింది. ఆ జానెడు గుడ్డనూ చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టింది.

"అయ్యో, హోమ్ గౌనండీ అది! వచ్చే ఏడు ఏం వేసుకుంటుంది?" అంది వార్డెన్.

"వచ్చే ఏడు ఇక్కడుంటేగా" అంది టైలరమ్మ, తలెత్తకుండా.

పిల్ల కదలకుండా నిలబడింది. కత్తెర చుట్టూ తిరిగి వచ్చింది. గుడ్డపేలిక నేలమీద పడింది.

"సరే" అంది పిల్ల.

"గట్టిగా చెప్పమ్మా, రాసుకోవాలి" అంది ఆఫీసరమ్మ.

"వెళ్తానన్నానుగా."

టైలరమ్మ లేవబోయింది. నేలకు చెయ్యి ఆనించింది. పిల్ల చెయ్యి చాపింది. ఆమె పట్టుకుని లేచి నిలబడ్డాక కూడా పిల్ల ఆ చెయ్యి దించలేదు.