ఎక్కడ నిలబడి చూశాడు

సౌదీలో, కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఖతీఫ్‌లో, మా కంపెనీ ఆఫీసులో కూర్చుని కూలీల హాజరు సరిచూస్తున్నాను. "అన్నా, సార్ పోయిండు" అన్నాడు జగిత్యాల డ్రైవర్. నేను అయ్యో అనలేదు. "నువ్వు చూసినావా? ఎవరన్నా చెప్పినారా?" అని అడిగాను.

"నేనే చూసిన అన్నా. మంచం పక్కన నిలవడి చూసిన" అన్నాడు వాడు ఏడుస్తూ.

చావు కబురుకు కూడా సాక్ష్యం అడిగేట్టు మా ఇద్దరినీ తయారుచేసిన మనిషి గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కుదురుగా రాయలేకపోతే మన్నించండి. ఆయన పోయినప్పటి నుంచి ఒకచోట కాలు నిలవడం లేదు నాకు.

సార్ అంటే బడిలో పాఠాలు చెప్పినవారు కాదు. ప్రొద్దుటూరు మనిషి. ఖఫ్జీలో నూనె బావులకు పనులు చేసిపెట్టే ఒక కంపెనీలో ప్రమాదాల విచారణ ఆయన ఉద్యోగం. పైపు పగిలినా, మనిషి నిచ్చెన మీంచి పడినా అది ఎలా జరిగిందో తేల్చి రాసేవారు. శుక్రవారం మాత్రం ఇంకో పని ఉండేది. కువైట్ యుద్ధం రోజుల్లో ఈ సరిహద్దు చుట్టుపక్కల కనిపించకుండా పోయిన మనవాళ్ళు ఏమయ్యారో వెతకడం. రాయచోటి, రాజంపేట వైపు పల్లెల్లో ఇప్పటికీ ఆ కబురు కోసం ఎదురుచూసే ఇళ్ళున్నాయి. వెతికేది నేనూ, డ్రైవరూ. మా మీద సూపర్‌వైజర్ సార్. జీతం లేదు, ఆఫీసు లేదు, సెలవు అసలే లేదు గానీ పై అధికారి మాత్రం నిక్షేపంగా ఉన్నాడని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ప్రమాదం జరిగిన చోట సాక్షిని నిలబెట్టి, చెప్పుల చుట్టూ గీత గీసి, ఆ తర్వాతే మాట్లాడించేవారు. ఉద్యోగంలో అలవాటైంది శుక్రవారాలకూ పాకింది. ఒకసారి యుద్ధం నాటి పాకిస్తానీ లారీ డ్రైవర్ ఒకాయన జిద్దాలో షరఫియా పేటలో ఉన్నాడని తెలిసి అంత దూరం పోయాం. టీకొట్టులో ఆ ముసలాయన, సరిహద్దు దగ్గర మనవాళ్ళు పదిమందిని కళ్ళారా చూశానని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నేను పరుగున రాసుకుంటున్నాను. సార్ లేచి ఆయన్ను నిలబెట్టారు. "ఈ బల్లే రోడ్డు అనుకోండి. మీరు ఎక్కడ ఉన్నారు?" అని ఉర్దూలో అడిగి, కిందికి వంగి చెప్పుల చుట్టూ సుద్దతో గీశారు. టీకొట్టువాడు నేల పాడవుతోందని సణిగాడు. ముసలాయన తన కాళ్ళ వైపే చూస్తూ చాలాసేపు నిలబడి, "సునా థా, భాయ్" అన్నాడు. విన్నాడట, అంతే. నేను రాసుకున్న రెండు పేజీలూ సార్ నెమ్మదిగా మడిచి నా చేతికిచ్చారు.

అన్నేళ్ళలో నా రిపోర్టు ఒక్కటీ మొదటిసారే ఆయన సంతకానికి నోచుకోలేదు. ఆకుపచ్చ సిరాతో పక్కన రాసి వెనక్కి పంపేవారు. "ఎవరు చెప్పినారు? యాడ నిలబడి చూసినాడు?" తేలకపోతే తేలలేదని రాయడానికి నాకు మహా నామోషీగా ఉండేది. "తెలీదని రాసేదానికి సిగ్గుపడొద్దు అబ్బీ. తెలీకుండానే తెలిసినట్టు రాసేదానికి సిగ్గుపడు" అనేవారు.

ఆ సిగ్గు నాకు అనుభవమే. రాయచోటి దగ్గరి పల్లెలో ఒకామె ఉంది. ఆమె భర్త ఖఫ్జీ లేబర్ క్యాంపులో వంటవాడు. యుద్ధం మొదలయ్యాక మనిషీ లేడు, ఉత్తరమూ లేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, సమాధి అన్నా చూపించండి నాయనా అని. రెండేళ్ళు తిరిగినా ఏమీ తేలలేదు. అప్పట్లో పేరు తెలియని వాళ్ళను కొందరిని ఖఫ్జీ ఖబరస్తాన్‌లో పూడ్చారని ఎవరో అన్నారు. ఇక్కడి సమాధుల మీద పేర్లుండవు. ఇసుక, తలవైపు ఒక రాయి, అంతే. ఒక శుక్రవారం జాలి ముంచుకొచ్చి, ఏదో ఒక రాయిని ఫోటో తీసి ఆమెకు పంపాను. "ఇదేనమ్మా" అన్నాను.

కొన్నాళ్ళకు ఆమె సార్‌కు ఫోన్ చేసి దీవించింది. అలా బయటపడింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎవరిది అబ్బీ ఆ రాయి?"

"తెలీదు సార్. ఆమె బాధ చూడల్యాక..."

అప్పుడు తన సంగతి చెప్పారు. యుద్ధం ముగిశాక కొత్తగా ఖఫ్జీ వచ్చిన రోజుల్లో, ఖాళీగా పడి ఉన్న లేబర్ గదులు శుభ్రం చేయిస్తుంటే ఒక పరుపు కింద తెలుగు ఉత్తరం దొరికిందట. సగమే రాసి ఉంది, కవరు మీద అడ్రసు ఉంది. పాపం ఇంటికి చేరనీ అని స్టాంపు అంటించి పోస్టు చేశారు. దొరికిందని ఒక్క ముక్క రాసి పెట్టలేదు. ఆ ఇంటివాళ్ళు పోస్టు ముద్ర మీద తేదీ చూసి, కొడుకు యుద్ధం తర్వాత పంపాడు కాబట్టి బతికే ఉన్నాడని వీధంతా చక్కెర పంచారు.

"వాళ్ళ నాయన సచ్చిపొయ్యేదాకా దినామూ బస్టాండుకు పోయి కూసునేవాడు. నేను చేసిన మేలు అది" అన్నారు సార్. "నువ్వు పో. ఫోన్లో వద్దు. ఆమె ముందర నిలబడి చెప్పు."

సెలవు పెట్టి వెళ్ళాను. ఫోటోకు అద్దం కట్టించి గోడకు పెట్టింది. పూలు కూడా పెట్టి ఉన్నాయి. చెప్పాను. ఆమె ఏడవలేదు, కుర్చీ ఎక్కి ఫోటో దించి నా చేతిలో పెట్టింది. "ఇన్ని శుక్రవారాలు నేను ఎవరికి దువా చేసినట్టు?" అని అడిగింది. ఫోటో సంచిలో పెట్టుకున్నాను. గుమ్మం దాకా వచ్చి, "మళ్ళా ఎతకండి. దొరక్కపోతే దొరకలేదనే చెప్పు" అంది.

తిరిగొచ్చి సార్‌కు అంతా చెప్పాను. ఆయన రాసుకుంటూ, "ఆ మాట అన్నప్పుడు ఆమె యాడ నిలబడింది?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ వారం తిరిగి కావాలనిపిస్తోంది.

ఎక్కడ పోతే అక్కడే మట్టి చేయమని సార్ ఇంట్లో ముందే చెప్పి పెట్టుకున్నారు. కాగితాలకు వారం పట్టింది. చివరి ముద్ర పడిన రోజే, సాయంత్రం అసర్ నమాజు కాగానే ఖననం అన్నారు. ఖతీఫ్ నుంచి మూడు గంటల దారి. మేనేజర్ మీటింగులోంచి బయటికి వచ్చేదాకా నేను కదలడానికి లేదు. ఖఫ్జీ చేరేసరికి పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినిపిస్తోంది, ఖబరస్తాన్ గేటుకు తాళం వేసి ఉంది. జీవితమంతా సాక్షుల కోసం తిరిగిన మనిషికి నేను సాక్షిని కాలేకపోయాను.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ప్రొద్దుటూరు నుంచి సార్ భార్య ముందురోజే ఫోన్ చేసి, "సమాధి ఫోటో పంపు నాయనా, ఒక్కసారి చూసుకుంటా" అంది. లోపల రెండు కొత్త సమాధులు, పక్కపక్కనే, రెండు రాళ్ళు. అదే అసర్‌కు ఇంకో దేశపు మనిషి జనాజా కూడా వచ్చిందట. ఖబరస్తాన్ దస్త్రంలో ఎన్నో వరసో మాత్రమే ఉంది, ఏ రాయి ఎవరిదో లేదు.

గుంత తవ్విన బంగ్లాదేశీ మనిషి తడుముకోకుండా ఎడమవైపు రాయి చూపించాడు. ఆ సమయంలో ఎక్కడ నిలబడ్డావని అడిగితే కాస్త ఆలోచించి కుడివైపుది చూపించాడు. సార్‌ను గుంతలోకి దించిన ఆఫీసు మనిషికి ఫోన్ చేస్తే, అప్పుడు కళ్ళనిండా నీళ్ళున్నాయని, ఏ వైపో గుర్తులేదని అన్నాడు. డ్రైవర్ ఆ రోజు గేటు దగ్గరే నిలబడ్డాడు. "మంది అడ్డమున్నరు అన్నా. నేనైతే చూడలే. చూడంది చూసిన అని ఎట్ల జెప్పాలె?" అన్నాడు.

ఏదో ఒక రాయి పంపితే ఆమె నమ్మేది. చెయ్యి ఊరికే ఎడమ రాయి వైపే పోతోంది. రాయచోటి ఆమె తిరిగిచ్చిన ఫోటో ఇంకా నా సంచిలోనే ఉంది. చివరికి రెండూ కనబడేట్టు తీసి పంపి, ఫోన్ చేశాను. ఎవరెవరు ఏమన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో వరసగా చెప్పాను. "ఈ రెండింట్లో ఒకటి సార్‌దమ్మా. యాదో తేలలేదు."

రాయచోటి ఆమె అడిగిన ప్రశ్నే ఈమె కూడా అడుగుతుందని భయపడ్డాను.

"నువ్వు యాడ నిలబడి తీసినావు?" అంది.

"రెండింటి నడుమనమ్మా."

"దీని మీద మీ సార్ మొదటిసారే దస్కత్ పెట్టేవాడు నాయనా." ఆమె ఖురాన్ తీస్తున్న చప్పుడు వినిపించింది. "ఫోన్ ఆడ్నే కింద పెట్టు. యాసీన్ చదువుతా. ఇద్దరికీ అందుతుంది."

ఫోన్‌ను రెండు రాళ్ళ నడుమ ఇసుకలో పెట్టాను. నా చెప్పుల చుట్టూ వేలితో గీత గీసి, పక్కకు జరిగాను. గాలికి గీత ఒకవైపు అప్పుడే పూడిపోతోంది. ప్రొద్దుటూరు నుంచి ఆమె చదువుతూనే ఉంది.