తొక్కల గదికి తాళం

మా పక్కింటి మెరుపులాయన నారింజ తొక్కల్లోంచి బంగారం తీస్తున్నాడని వీధిలో ఓ మాట పుట్టింది. లేకపోతే తొక్కలున్న గదికి అంత లావు తాళం ఎందుకూ అని అడుగుతున్నారు. చూసినదాన్ని నేనుండగా, చూడనివాళ్ల మాటలెందుకు?

ఆయన కుళాయిలకూ తలుపు గొళ్లేలకూ తళతళ మెరిసేలా నికెల్ పూత వేస్తాడు. షెడ్డు మా పెరటి గోడ అవతలే. పూత వేసిన సామాను కడిగితే నీళ్లు ఆకుపచ్చగా దిగుతాయి. ఆ రంగు నికెల్‌ది. ఇక మీదట ఆ నీళ్లు కాలువలోకి వదిలితే షెడ్డు మూయించేస్తామని తనిఖీవాళ్లు చెప్పిపోయారు. ఆ ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే.

కాలేజీలో రసాయనాలు చదివే ఆయన మేనకోడలు దారి చూపింది. "మావయ్యా, పండ్ల తొక్కలు కడిగి, ఎండబెట్టి, పొడి చేసి ఆ నీళ్లలో కలుపు. లోహం పొడికి పట్టేస్తుంది."

ఈయనకు ఆత్రం ఎక్కువ. జ్యూస్ బండి దగ్గర బస్తాడు తొక్కలు తెచ్చి, పచ్చివి పచ్చిగానే డ్రమ్ములో గుమ్మరించాడు. నాలుగు రోజులకి ఒకటే ఈగలు, ఒకటే కంపు.

భార్య ముక్కు మూసుకుని వచ్చింది. "నీళ్లు బాగుచేస్తారనుకుంటే జ్యూసు పులియబెట్టారా?"

"నీకో గ్లాసు పొయ్యనా?"

"ముందు మీ తనిఖీవాళ్లకి పొయ్యండి!"

తిట్టినా చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తొక్కలు కడిగారు, డాబా మీద గలగలలాడేదాకా ఎండబెట్టారు, పాత మిక్సీలో పొడి కొట్టి జల్లెడ పట్టారు. నీళ్లలో పొడి వేసి తిప్పడం, గుడ్డతో వడకట్టడం, మళ్లీ కొత్త పొడి వెయ్యడం. ఒక్కో వాయికీ పచ్చదనం పలచబడుతుంటే నేనూ గోడ మీంచి మెడ సాచి చూస్తూనే ఉన్నాను.

పరీక్షకు పంపిన సీసా సంగతి నిన్న తెలిసింది. నీళ్లు పాసయ్యాయి. ఆయన భార్య గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "వదినా, షెడ్డు నిలబడింది!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అంత సంతోషంలోనూ నా చూపు ఆ తాళం మీదికే పోయింది. ఇక లాభం లేదని ఆయన్నే అడిగేశాను.

"బంగారం లేకపోతే తాళం దేనికి తమ్ముడూ?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఎండిన తొక్కలు డాబా మీదే ఉన్నాయిగా అక్కా, కావలసినన్ని పట్టుకుపో. గదిలోది పనైపోయిన పొడి, నికెలంతా దాని ఒంట్లోనే ఉంది. విషపు చెత్త బండి వచ్చి పట్టుకెళ్లేదాకా దాచాలి. తాళం దొంగలకి కాదు. మంచి ఎరువు కదా అని నువ్వు నీ గులాబీ కుండీల్లోకి ఎత్తుకుపోతావని!"