నా కోపానికి రక్తపరీక్ష

మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌కి వచ్చిన కొత్తలో జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టాను. ఆ తర్వాత చేయించిన రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ బాగా ఎక్కువని తేలింది. అది ఎక్కువైతే చిరాకు, కోపం కూడా పెరుగుతాయట. నేను హడలిపోయాను. మా ఆయన మాత్రం, "నీ కోపం నీది కాదోయ్, థైరాయిడ్‌ది!" అంటూ నా బదులు అంట్లు తోమేవారు. బార్బెక్యూకి వచ్చిన స్నేహితులకీ అదే చెప్పి, నన్ను క్షమించమన్నారు.

మాత్రల సంగతి విని మా తెలుగు డాక్టరమ్మ నవ్వేసింది. "ఆ బయోటిన్ వల్లే రిజల్ట్ తప్పొచ్చిందండీ. దానికి మోసపోని కొత్త టెస్ట్ వచ్చిందిప్పుడు" అని మళ్లీ చేయించింది.

అంతా నార్మల్! నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ముఖం వాడిపోయింది.

"మరి ఆ కోపం?"

"అచ్చంగా నాదేనండీ!"

ఆ సాయంత్రం కూడా అంట్లు ఆయనే తోమారు. అంతకుముందు జాలితో, ఈసారి భయంతో.