ఎడమకు ఒరిగిన గోడ

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. వాగు దగ్గర ఏదో తెల్లగా కనిపించిందని ఎవరైనా అంటే, అది ఎవరి ధోవతో కనుక్కోమనేదాన్ని. ఇప్పటికీ అంతే. కానీ ఎల్లారెడ్డిలో మా బాపు కట్టిన గోడ సంగతి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. అందులో దయ్యం లేదు. మరి ఏముందంటే నాకు తెలియదు.

మా బాపు, అంటే మా నాన్న మల్లయ్య, మేస్త్రీ. పోచారం ఆనకట్ట పనిలో రాతిపని నేర్చుకుని, కామారెడ్డి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు గోడలెత్తాడు. మల్లయ్య కట్టిన గోడకు తూకం గుండు వేలాడదీసి చూడక్కర్లేదని తోటి మేస్త్రీలే అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆయనకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఎల్లారెడ్డిలో చర్చి కట్టడానికి ఒక ఇంగ్లీషు పాదిరి దొర ఆయన్ను పిలిపించాడు. దొర సొంత ఊళ్లో కొన్ని వందల ఏళ్ల నాటి చర్చి ఉందట. అలాంటిదే కావాలని కాగితం మీద గీసిచ్చాడు. పడమట గంట కోసం నలుచదరపు బురుజు. మధ్యలో జనం కూర్చునే పొడవాటి గది. తూర్పు కొసన పూజబల్ల కోసం ఇంకో చిన్న గది. ఆ రెండు గదుల మధ్య వంపు తిరిగి మొనదేలిన పెద్ద కమాను ద్వారం. గోడలేమో బాగా మందం, కిటికీలేమో సన్నగా, పొడుగ్గా. ఇంత గోడకు ఇంతే కిటికీలా అని నేను అడిగితే, తమ దేశంలో చలి ఎక్కువని దొర చెప్పాడు. మన ఎండకూ అదే మంచిదని బాపు సంబరపడ్డాడు.

నాకు పెళ్లయినా, మా ఆయన ఇల్లరికం రావడంతో నేను బాపుతోనే పనికి వెళ్లేదాన్ని. సున్నం మోసేదాన్ని. ఒక్కో రాళ్ల వరస పెట్టే ముందు, వంకర లేకుండా చూసే తాడు రెండో కొస పట్టుకునేదీ నేనే.

పెద్ద గది లేచింది, కమాను నిలిచింది. దొర అది చూసి సంతోషపడి, ఎండలు ముదిరేసరికి చల్లని కొండలకు వెళ్లిపోయాడు. మేము తూర్పు గది మొదలుపెట్టాం. గోడ నడుమెత్తుకు వచ్చాక ఒక పొద్దున బాపు కమాను కింద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఏమైందోనని నేనూ వెళ్లి చూశాను. ఆ చిన్న గది మొత్తం పెద్ద గదికి తిన్నగా లేకుండా ఎడమకు తిరిగి ఉంది.

పడమటి వాకిలి నడుమ నుంచి కమాను నడుమ మీదుగా తాడు లాగాం. అది వెనక గోడకు సరిగ్గా నడుమ తగలాలి. మూరెడు కుడికి తగిలింది. గుర్తుకు దిగ్గొట్టిన మేకులు కదల్లేదు. రోజూ పట్టుకున్న తాడు అదే. పట్టుకున్నది మేమిద్దరమే.

దొర లేనప్పుడు పని చూసుకునే పెద్దమనిషి వచ్చి చూశాడు. "మేస్త్రీ, నీకు కండ్లు మసకబట్టినయ్. దొర వచ్చినంక వేరేటోన్ని చూస్తడు" అని అందరి ముందే అన్నాడు. మాట ఒక చోట నిలవదు కదా. కామారెడ్డి పక్కన రాజంపేటలో ఇల్లు కట్టమని అడిగినవాళ్లు, ఇక రానక్కర్లేదని కబురు పంపారు. నాకు కడుపు మండిపోయింది.

బాపు ఆ గది గోడలన్నీ పునాది దాకా ఊడబీకి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నేను ఎవరినీ నమ్మలేదు. వరస పెట్టే ముందూ, పెట్టాకా తాడు చూశాను. మా ఆయన వేరే తాడుతో చూశాడు. ప్రతిసారీ సరిగ్గానే ఉంది. గోడ నడుమెత్తుకు వచ్చాక కమాను కింద నిలబడ్డాం. మళ్లీ ఎడమకే. మళ్లీ అదే మూరెడు.

ఆ సాయంత్రం మా అమ్మ సూదీ దారం బాపు చేతిలో పెట్టింది. ఆయన మొదటిసారికే దారం ఎక్కించాడు. కళ్లలో లోపం లేదని తేలింది.

వానలు పడ్డాక దొర తిరిగొచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి మేమంతా ఒక పక్కన నిలబడ్డాం. ఆయన కమాను కింద ఆగి, టోపీ తీసి, అక్కడే రాళ్ల కుప్ప మీద కూర్చున్నాడు. కళ్లు తడిశాయి. "ఎవరు చెప్పారు మీకు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదని నేనే అన్నాను. తమ ఊరి చర్చిలో తూర్పు గది ఇలాగే ఎడమకు ఒరిగి ఉంటుందట. సిలువ మీద ప్రభువు తల వాలిన వైపు అని అక్కడి ముసలివాళ్లు అనేవారట. దాన్ని వంకరగా గీయడమెందుకని తాను తిన్నగా గీశాడట. ఆ సంగతి ఇక్కడ ఎవరితోనూ అనలేదట.

దొర అందరి ముందూ బాపు చేతులు పట్టుకుని, ఇలాగే పూర్తి చేయమన్నాడు. పెద్దమనిషి మెల్లగా పక్కకు జారుకున్నాడు. రాజంపేటవాళ్లు మళ్లీ కబురు పంపారు. పోయిన పేరు తిరిగొచ్చిందని నేను పొంగిపోయాను.

బాపు మాత్రం ఇంటికి వస్తూ దారిలో ఆగిపోయాడు. "కండ్లు పోయినయంటే ఒప్పుకుంట బిడ్డా. చేతులు నావి గావంటే ఎట్ల ఒప్పుకుంట?"

ఇచ్చిన మాట కోసం పైకప్పు దాకా ఎత్తాడు. ఆ తర్వాత తాపీ ముట్టలేదు. రాజంపేటకు పోలేదు. గాంధారి ఊరి వైపు ఎవరి చేనులోనో కూలికి పోయాడు. అంత పనిమంతుడు కలుపు తీస్తుంటే చూడలేక నేను చాటుగా ఏడ్చేదాన్ని.

భూమి కుంగిందన్నారు కొందరు. దొర ఎప్పుడో నోరు జారి ఉంటాడన్నారు ఇంకొందరు. అన్నీ ఆలోచించాను, ఏదీ కుదరలేదు.

ఎల్లారెడ్డి వెళ్లినవాళ్లు ఆ చర్చి చూసొచ్చి, ఎంత బాగా కట్టావు మల్లయ్యా అనేవారు. "ఆ తూర్పు అర్ర నేను కట్టలే" అనేవాడు బాపు, ఆ చిన్న గది గురించి. వయసు మీద పడి అలా అంటున్నాడని వాళ్లు నవ్వేవారు. తాడు రెండో కొస పట్టుకున్నదాన్ని నేను. ఆయన అన్నది అబద్ధమని ఈరోజుకీ అనలేను.