సీమోనన్న డ్రోను దిగిన చోటు

మా సీమోనన్నకు డ్రోను నేర్పడం కన్నా ఎద్దుకు సైకిలు నేర్పడం తేలికని నేను మంచిర్యాలంతా చెప్పుకు తిరిగాను. అబద్ధమేం కాదు. బొగ్గుగనిలోకి మనుషుల్ని దింపి ఎక్కించే లిఫ్టును ఆయన ముప్పై ఏళ్ళు నడిపాడు. కింది నుంచి గంట మోగగానే మీట తనవైపు లాగితే లిఫ్టు పైకొచ్చేది. డ్రోను రిమోటులో అలా లాగితే అది కిందికొస్తుంది. ఈ సంగతి ఆయన తలకెక్కినా చేతికెక్కదు, ఏం చేయను!

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ అరుణ్ కొత్త డ్రోను కొనుక్కుని పాతది ఈయనకిచ్చాడు. రోజూ సాయంత్రం చర్చి వెనక మైదానంలో సాధన, పక్కన నా అరుపులు.

"అన్నా, గుంజకు! ముందటికి నూకు!"

"నూకితె కిందికి పోతది గదరా!"

అప్పటికే అది పాస్టరుగారి వంకాయ మడిలో ఉండేది.

"నీతోని గాదు గని, అటక మీద వెట్టు దాన్ని."

"నువ్ జర నోరు మూస్కో సదానందం. ఈస్టర్ దాక నేర్సుకుంట సూడు."

రిటైరయినోడి సరదా అని అందరూ నవ్వారు. ఈస్టర్ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మా ఇద్దరిదీ ఒకటే ఊరు, గోదావరి ప్రాజెక్టులో మునిగిపోయింది. ఇళ్ళకు బదులు ఇళ్ళ జాగాలిచ్చారు. సమాధులకు బదులు ఏమిస్తారు? సీమోనన్న భార్య ప్రేమమ్మ వదిన తల్లి సమాధి ఆ నీళ్ళ కిందే ఉండిపోయింది.

ఆ ఊరి ఈస్టర్ గుర్తొస్తే ఇప్పటికీ నా ముక్కుకు తడిసున్నం వాసన తగులుతుంది. తెల్లారకముందే చర్చివాళ్ళంతా పాటలు పాడుకుంటూ సమాధుల దిబ్బకు పోయేవాళ్ళు. మాది వేరే దేవుడైనా సమాధులకు పూసే సున్నం బకెట్టు మాత్రం నా చేతిలోనే ఉండేది. వదిన తల్లి సమాధికి సిలువ లేదు. చెక్కించే స్తోమత లేక వాళ్ళ బాపు ఆమె పిండి విసురుకున్న ఇసుర్రాయినే తల దగ్గర పాతాడు. గుండ్రటి రాయి, నడుమ రంధ్రం. అందులో కొవ్వొత్తి నిలబెట్టడానికి పిల్లలం ఎంత కొట్లాడుకునేవాళ్ళమో! ఆ రోజులు మళ్ళీ రావు.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఆ దిబ్బ బయటపడుతుంది. చుట్టూ నడుములోతు బురద. పడవ పోదు, మనిషి పోలేడు. వదిన ఏటా ఒడ్డున నిలబడి తల్లిని తలుచుకుని, "అవ్వ రాయి ఉన్నదో, కొట్టుకపోయిందో" అని కళ్ళు తుడుచుకుని వచ్చేది. ఆ మాట వినలేకే ముసలాయన రిమోటు పట్టాడు.

ఈస్టర్ ఆరాధన కాగానే ముగ్గురం ఆటోలో ఒడ్డుకు పోయాం. వదిన డ్రోను కాలికి దారంతో చేమంతి పువ్వు కట్టింది.

"బరువైతదే," అన్నాడు సీమోనన్న.

"ఒక్క పువ్వు బరువేందయ్యా?"

డ్రోను లేచింది. ఒక్క తప్పూ లేదు! నేనే నోరెళ్ళబెట్టాను. కాసేపటికి రిమోటుకు తగిలించిన ఫోనులో దిబ్బ కనిపించింది. అంతా ఎండిన ఒండ్రు. ఒక్క సమాధి ఆనవాలు కూడా లేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏది? ఏడున్నదయ్యా?" అడిగింది వదిన.

అంతలో బ్యాటరీ అయిపోతోందని రిమోటు గంట కొట్టింది. గంట వినపడగానే సీమోనన్నకు గనే గుర్తొచ్చింది కాబోలు, కింద మనుషులున్నారన్నట్టు మీట తనవైపు గట్టిగా లాగాడు.

"అన్నా! నూకు, నూకు!" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. డ్రోను సర్రున కిందికి దిగిపోయింది. నేలకు మూరెడు ఎత్తులో, దాని రెక్కల గాలికి దుమ్మంతా లేచిపోయింది. దుమ్ము కింద గుండ్రటి రాయి. నడుమ రంధ్రం.

"అవ్వా!" అని వదిన ఫోను మీదికి వంగింది.

డ్రోను ఆ రాయి పక్కనే కూలబడింది. ఫోనులో చివరిగా రాతి అంచు, దాని మీద పసుపుపచ్చ రేకులు కనిపించాయి. తర్వాత ఏమీ లేదు.

సీమోనన్న రిమోటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. "ముప్పై ఏండ్లల్ల ఒక్కన్ని గూడ కింద ఇడిసిపెట్టి రాలే. గిప్పుడు దీన్ని పైకి తేలేకపోతి."

వదిన ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుని కొంగులో చుట్టింది.

"అవ్వకాడనే గదయ్యా ఇడిసిపెట్టినవ్. ఇన్నేండ్లకు ఆమెకు పువ్వు ముట్టింది. నడువ్, ఇంటికి పోదాం."