గేటుకు వెళ్ళిన ముసుగులు

సోడా సీసా పగిలిన చప్పుడు వినబడితే నేను ఇప్పటికీ ముందు కళ్ళు మూసుకుంటాను. ఏమైందని అడిగేది ఆ తర్వాతే. అది చూసి మా మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ ఇంట్లో ఎవరి ముఖంలోంచీ వాళ్ళు గాజుముక్కలు ఏరలేదు.

నిజాం రాజ్యం చివరి రోజుల్లో నేనూ, మా ఆయనా సికింద్రాబాదులో ఒక గోలీసోడా కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. మోండా మార్కెట్టు వెనక సందులో ఉండేది అది. నేను సీసాలు కడిగేదాన్ని. ఆయన వాటికి గ్యాసు పట్టేవాడు. నీళ్ళు నింపిన సీసాలను ఇనుప చట్రంలో బిగించి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పాలి. గ్యాసు లోపలికి ఎక్కుతుంది, సీసా తలకిందులవుతుంది, గోలీ జారి మూతి దగ్గర బిగుసుకుంటుంది. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాని సీసా ఒంటిమీద వెంట్రుకంత గీత ఉన్నా, ఆ గ్యాసుకు అది తిప్పేవాడి ముఖం మీదే పేలుతుంది.

మా ఆయన ఎడమ కన్ను అలాగే పోయింది. రజాకార్ల గోల ముదరకముందు సంగతి అది. నేను తొట్టి దగ్గర కూర్చుని సీసాలు తోముతున్నాను. ఢామ్మని పేలింది. తలెత్తి చూస్తే ఆయన రెండు చేతులతో ముఖం పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

మా సేటును నేను తిట్టని తిట్టు లేదు, ఈ కథలో ఇంకా తిడతాను. కాని ఆరోజు మటుకు అతను మనిషిలా ప్రవర్తించాడు. తన జట్కాలోనే ఆస్పత్రికి తీసుకుపోయాడు. గాయం మానేదాకా పని పోనివ్వలేదు. ఆపైన ఎక్కడి నుంచో రెండు ఇనుప తీగల ముసుగులు తెప్పించాడు. నుదుటి నుంచి గడ్డం దాకా కప్పే సన్నటి అల్లిక, వెనక తోలు పట్టీ. వాటితోపాటు మోచేతుల దాకా తోలు తొడుగులు. చట్రం మీద వాల్చేందుకు మందపాటి చెక్క మూత చేయించాడు. అందరినీ పిలిచి, “ముసుగు పెట్టుకోకుంట ఎవ్వరు మిషను ముట్టొద్దు. ముట్టినోడు మళ్ళ గేటు లోపలికి రావొద్దు” అన్నాడు.

గీత పడిన సీసాలను ఏరి పెరట్లో కుప్ప పోయమని నాకు చెప్పాడు. ఒక్కొక్క సీసాను ఎండకు ఎత్తి చూసి, గోటితో కొట్టి విని, అనుమానం ఉంటే కుప్పలో వేసేదాన్ని. అయినా అప్పుడప్పుడూ ఏదో ఒకటి నా కళ్ళు గప్పి పోయేది, పేలేది. చెక్క మూత కింద దబ్‌మని చప్పుడయ్యేది, ఒకటి రెండు పెంకులు ముసుగుకు తగిలి రాలేవి. మా ఆయన ముసుగు పైకెత్తి నావైపు చూసి, “ఏమే, నిద్ర పోతున్నవా?” అని వెక్కిరించేవాడు. నేను మొగుణ్ణి చూసి తృప్తిగా నవ్వుకున్న రోజులు అవే.

తర్వాత ఊరు పాడైంది. రజాకార్లు తుపాకులూ కత్తులూ పట్టుకుని వీధుల్లో కవాతు చేస్తూ పోయేవాళ్ళు. ఇవాళ ఫలానా పల్లె తగలబెట్టారు, రేపు ఫలానా బజారు దోస్తారు అని రోజూ వార్తలు. ఊళ్ళో కొట్లాట లేచిన చోటల్లా ముందు లేచేది మా సోడా సీసా. తుపాకీ అందరికీ దొరకదు, సోడా సీసా ప్రతి కొట్లోనూ ఉంటుంది. గట్టిగా కుదిపి విసిరితే చాలు.

ఒక మధ్యాహ్నం మా సందు మొగలో జట్కా ఆపి, అందులో మనిషిని జుట్టు పట్టి కిందికి లాగారు. కర్రలతో కొట్టారు. అతను గుర్రం కిందికి దూరితే కాళ్ళు పట్టి ఈడ్చి మళ్ళీ కొట్టారు. మేడ మీది నుంచి ఎవరో సీసాలు విసిరారు. అవి కొట్టేవాళ్ళకు తగిలాయి, కొట్టించుకునేవాడికీ తగిలాయి. గుర్రం మెడ చీలింది. కొట్టినవాళ్ళు ఎవరు, పడినవాడు ఎవరు అని జనం ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నేను గేటు సందులోంచి చూసినదాన్ని, నాకు ఆ వాదన మీద ఇష్టం లేదు. ఆ సీసాలు మాత్రం మావే. వాటిని కడిగింది నేను, గ్యాసు పట్టింది మా ఆయన.

ఆ సాయంత్రమే సేటు గేటు దగ్గర ఇద్దరు కావలివాళ్ళను పెట్టాడు. మర్నాడు పొద్దున మేము పనికి వచ్చేసరికి మిషను దగ్గర మేకుకు ముసుగులు లేవు. గేటు వైపు చూశాను. కావలివాళ్ళిద్దరూ మా ముసుగులు పెట్టుకుని, మా తోలు తొడుగులు వేసుకుని, లాఠీలు పట్టుకుని నిలబడ్డారు. చట్రం మీది చెక్క మూత, నిన్నటి గొడవలో గేటుకు పడిన చిల్లుకు అడ్డంగా మేకులు కొట్టి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తడి చేతులతోనే సేటు ముందుకు వెళ్ళాను.

“సేటూ, ముసుగులేవి?”

“బైట సీసాలు విసురుతుండ్రు, చూస్తలేవా? గేటు పోతే కార్ఖానా పోతది. కార్ఖానా పోయినంక నీ మొగనికి పనేడుంటది?”

“బైట ఎప్పుడో ఒకనాడు విసురుతరు. ఈడ దినాం పేలుతయి. నా మొగనికి ఉన్నది ఒక్క కన్ను.”

“జెర ఓపిక పట్టు. ఈ పరేషాన్ అయిపోంగనే ఇస్త.”

మా ఆయన వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, “ఊకో, పా” అన్నాడు. ఆయనది మెత్తని మనిషి. ఆ మెత్తదనం మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. తలగుడ్డ కనుబొమ్మల మీదికి లాక్కుని, తువ్వాలు మడతలు పెట్టి ముఖానికి చుట్టుకుని, ఆ ఉన్న ఒక్క కంటితో సందులోంచి చూస్తూ పిడి తిప్పడం మొదలుపెట్టాడు. గాజుముక్కకు తువ్వాలు ఒక లెక్కా?

మానేసి వెళ్ళిపోదామన్నాను. యాప్రాల్‌లో మా అత్తగారి తరఫువాళ్ళు ఉన్నారు. కాని దారిలో ఎవరు ఆపుతారో, ఏం చేస్తారో తెలియని రోజులు. ఊళ్ళో సగం దుకాణాలకు తాళాలు. ఒంటికన్ను మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? ఉండిపోయాం.

నేను చేయగలిగింది ఒక్కటే, సీసాలను మరీ పట్టి చూడడం. కాస్త అనుమానం వచ్చినా కుప్పలోకి విసిరేసేదాన్ని. కొట్లాటల్లో సీసాలన్నీ పగిలిపోతున్నాయి, కొత్తవి రావడం లేదు. సేటు ఒకరోజు నా వెనక నిలబడి చూసి, “నువ్వు గిట్ల ఏరుకుంట పోతే ఇంక నింపేదేంది?” అన్నాడు. ఆ మాటకు నేను ఇంకో సీసాను అతని కళ్ళెదుటే కుప్పలో వేశాను.

యూనియన్ సైన్యం వస్తోందన్నారు. ఆకాశంలో విమానాలు తిరిగాయి, మేము తలుపులు బిగించుకుని మంచాల కింద పడుకున్నాం. తర్వాత నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. జనం రోడ్ల మీదికి వచ్చి కేకలు వేశారు, సైనికుల మెడల్లో దండలు వేశారు. ఇంకో పక్క నిన్నటిదాకా భయపెట్టినవాళ్ళు ఇళ్ళలో దాక్కున్నారు, నిన్నటిదాకా దాక్కున్నవాళ్ళు వాళ్ళను వెతుక్కుంటూ తిరిగారు. కర్రలు చేతులు మారాయి.

మా కార్ఖానాకు పని పెరిగింది. సైన్యం దిగిన చోట్ల సోడా కావాలని సేటు పొద్దున్నే హడావిడి పెట్టాడు. నేను వెళ్ళి, “అంత అయిపోయింది గద సేటూ, ఇగ ముసుగులియ్యి” అన్నాను.

“ఇప్పుడు సుత దోచుకునేటోళ్ళు తిరుగుతుండ్రు. రేపిస్త, పో.”

తొట్టి దగ్గరికి తిరిగి వచ్చి చూస్తే నేను కడగని సీసాలు చట్రం పక్కన వరసగా ఉన్నాయి, కొన్ని అప్పటికే చట్రంలో బిగించి ఉన్నాయి. వాటికి పెరటి మట్టి ఇంకా అంటుకునే ఉంది. మేమెవరం రాకముందే సేటు కుప్పలోంచి తీయించి, నీళ్ళు నింపించి పెట్టాడు. “అయ్యో, అవి పట్టకు!” అని అరిచాను. బయట జైకొట్టే కేకల్లో ఆయనకు వినబడలేదు. పిడి ఒక్క చుట్టు తిరిగింది.

ఒకటి కాదు, పక్కది కూడా పేలింది. ఆయన వెనక్కి విసురుగా పడ్డాడు. తల బండకు కొట్టుకుంది. తువ్వాలు చీలికలై ఎర్రగా తడిసి ముఖానికి అతుక్కుంది. దాన్ని లాగబోతే ఆయన గొడ్డులా అరిచాడు. గాజు, గుడ్డ, మాంసం కలిసిపోయి ఉన్నాయి. నేను వేళ్ళతో ఏరాను, నా వేళ్ళూ తెగాయి. ఎవరి నెత్తురో తెలియలేదు. గేటు దగ్గర కావలివాడు ముసుగులోంచి మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. అతని ముఖానికి ఒక్క ఈగ కూడా వాలే వీలు లేదు.

ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు చూసి కట్టు కట్టాడు. నన్ను పక్కకు పిలిచి, ఇంక చూపు రాదమ్మా అన్నాడు. నేను ఏడవలేదు. ఆయన నిద్రపోయేదాకా కూర్చున్నాను. తర్వాత లేచి, అదే నెత్తుటి చీరతో, నడుచుకుంటూ కార్ఖానాకు వచ్చాను. పెట్టెలోంచి నిండు సోడా సీసా ఒకటి తీసుకున్నాను. దాన్ని కుదుపుతూ, గేటు దగ్గర కూర్చున్న సేటు వైపు నడిచాను.

అతన్ని చంపుదామనే వెళ్ళాను. దాన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

సేటు నన్ను చూశాడు, నా చేతిలో సీసా చూశాడు. లేచి నిలబడి, పక్కనున్న కావలివాడి ముఖం మీది ముసుగు పట్టీతో సహా లాగేసి, తన ముఖానికి తొడుక్కున్నాడు.

సీసా విసిరాను. అతని తల పక్కన గేటు స్తంభానికి తగిలి పేలింది. పెంకులు ముసుగు మీద గలగలా రాలాయి. ఆ తీగల వెనక అతని రెండు కళ్ళూ బెదిరిపోయి, తెరుచుకునే ఉన్నాయి. ఒక్క గాటు పడలేదు.

“ఆ ముసుగు ఎందుకో నీకు మంచిగ తెలుసు” అన్నాను. “తియ్యి. తీసి నా చేతికియ్యి.”

తీశాడు. రెండో ముసుగు కావలివాడు తనంతట తానే ఇచ్చాడు. చెక్క మూత ఊడదీసేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

మా ఆయన స్థానంలో గ్యాసు పట్టే పని నాకిమ్మన్నాను. “ఆడదానివి” అని నసిగాడు సేటు. నేను గేటు స్తంభం వైపు చూశాను. మర్నాటి నుంచి మిషను నాదే. దయతోనో భయంతోనో, ఆ తర్వాత అతను చేయవలసినవి చేశాడు. మూత వాల్చనిదే పిడి కదలకూడదు. ముసుగు ఏ కారణానా గేటు కాపలాకు పోకూడదు. గీత పడిన సీసాను కుప్ప పోయడం లేదు, అక్కడికక్కడే బండకేసి కొట్టడమే. కుప్ప ఉంటే ఏదో ఒకరోజు యజమాని చెయ్యి దాని మీదికి పోతుంది. ఈ ఒక్కటీ నేను పెట్టించిన రూలు. మంచి రోజుల్లో ముసుగు కొనిపెట్టే యజమానులు చాలామందే ఉంటారు. తనకు భయం వేసిన రోజున కూడా దాన్ని పనివాడి ముఖం మీదే ఉంచేవాడు కావాలి. అలాంటివాణ్ణి నేను ఇంకా చూడలేదు.

మిషను దగ్గర కూర్చున్న కొన్నాళ్ళకు నాకూ పేలింది. ఆ పూట మూత కీలు సడలి ఉంది, సందులోంచి పెంకు సూటిగా వచ్చి ముఖానికి తగిలింది. తల అదిరింది. ముసుగు తీసి చూస్తే ఎడమ కంటి దగ్గర తీగలు లోపలికి సొట్టపడి ఉన్నాయి. కీలు బాగుచేయించేదాకా పని చెయ్యనని చెప్పి, ఆ ముసుగు చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని, “ఏందే, జల్ది వచ్చినవ్?” అన్నాడు. జరిగింది చెప్పి ముసుగు ఆయన చేతుల్లో పెట్టాను. వేళ్ళతో తడిమాడు. పట్టీ, అంచు, అల్లిక. సొట్ట దగ్గర వేలు ఆగింది. తర్వాత ఆ వేలితోనే నా ముఖం వెతుక్కుని, ఎడమ కంటి రెప్పను తాకి, “తెరువు” అన్నాడు.

తెరిచాను. నా రెప్ప కదలడం ఆయన వేలికి తెలిసింది.

ఆస్పత్రిలో కట్టు విప్పిన రోజు కూడా ఏడవని మనిషి, ముసుగును ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాడు. “గేటు కాడనే ఉండె గదనే ఇది” అన్నాడు. “గేటు కాడనే ఉండె.”