మఫ్లర్ చుట్టిన బియ్యం మూట

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను కెనడాలోని కిచెనర్ ఆఫీసులో తెలుగు క్యూకి సీనియర్ రివ్యూయర్‌గా వేశారు. మాది ఒక సోషల్ మీడియా కంపెనీకి పనిచేసే కాంట్రాక్టు సంస్థ. జనం ఫిర్యాదు చేసిన పోస్టులు వరుసగా మా స్క్రీన్ మీదకు వస్తాయి. ఆ వరుసే క్యూ. ఒక్కో పోస్టుకు మూడే దారులు: ఉంచడం, తీసేయడం, పైవాళ్ళకు పంపడం. సీనియర్లకు ఇంకో అధికారం కూడా ఉండేది. హాని లేదని తేలినా పదే పదే ఫిర్యాదులొచ్చే బొమ్మను సేఫ్ లిస్టులో చేర్చవచ్చు. అలా చేరిన బొమ్మ ఎవరు పెట్టినా ఇక ఏ క్యూలోకీ రాదు. సిస్టమ్ దాన్ని గుర్తుపట్టి వదిలేస్తుంది.

ఆ చలికాలం ఒక మీమ్ మనవాళ్ళను తెగ నవ్వించింది. ఒషావా బస్టాపులో, మంచులో, ఒక తెలుగు విద్యార్థిని బియ్యం మూటకు మఫ్లర్ చుట్టి చంటిపిల్లాడిలా ఎత్తుకుని నిలబడింది. "బాబు ఇప్పుడే పడుకున్నాడు, హారన్ కొట్టకండి" అని కింద తెలుగులో రాసి ఉంది. ఆ అమ్మాయే సరదాకి పెట్టుకున్న ఫోటో. ఎవరికి గిట్టలేదో గానీ ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. నేనైతే అప్పటికే దాన్ని మా తెలుగువాళ్ళ గ్రూపులో పంచుకుని నవ్వుకున్నాను. మన జోకే కదా అని సేఫ్ లిస్టులో పెట్టేశాను.

తర్వాత ఎన్నికలొచ్చాయి. పోలింగుకు వారం ముందు నా క్యూలోకి ఒక ఫిర్యాదు ఫారం వచ్చింది. మొదట్లో ఇంగ్లీషు, చివర్లో తెలుగు ఉండడంతో నాకు పంపారు. రాసింది ఫోటోలోని అమ్మాయి శిరీష.

"అక్కడ తెలుగోళ్ళు ఎవరన్నా ఉంటే ప్లీజ్ చదవండి. ఆ రైస్ నేనే కొనుక్కున్న. ఒకళ్ళేమో నా ఫోటో మీద, వీళ్ళు పేదోళ్ళకి ఫ్రీగా తిండి ఇచ్చే ఫుడ్ బ్యాంక్‌ని దోచుకుంటున్నరు, వీళ్ళని వెనక్కి పంపేటోళ్ళకి ఓటెయ్యండి అని రాసిండ్రు. ఇంకొకళ్ళేమో పాపం స్టూడెంట్స్ ఆకలితో ఉన్నరు, గవర్నమెంట్‌ని మార్చండి అని రాసిండ్రు. నన్ను ఎవ్వరూ అడగలే. నేను పనిచేసే కాఫీ షాపుల కస్టమర్లు ఫోన్ చూపించి నువ్వేనా అంటున్నరు. మేనేజర్ కౌంటర్ నుంచి తీసేసిండు. ఇంకో గొడవైతే జాబ్ పోతది."

వెతికాను. ఇంగ్లీషులో రాసిన ఆ రెండు మీమ్‌లనూ మా దగ్గర మనిషన్నవాడు చూడలేదు. లిస్టు బొమ్మను పోలుస్తుంది, మీద రాసినది చదవదు. ఆ బొమ్మను లిస్టులో చేర్చింది ఎవరా అని చూస్తే నా ఐడీయే కనబడింది.

మా టీమ్ లీడ్ డెన్నిస్ మంచివాడు. సిస్టమ్ లోపమని రిపోర్టు రాసెయ్యమన్నాడు. కానీ లిస్టుకు చదవడం రాదని నాకు ట్రైనింగులోనే చెప్పారు. మనవాళ్ళ జోకు మనవాళ్ళ మధ్యే ఉంటుందనుకున్నాను. తప్పు నాదేనని, అదే రాసిచ్చాను. రాస్తుంటే సిగ్గేసింది. మర్నాడు పాలసీ విభాగం ఆ బొమ్మను లిస్టులోంచి తీసేసింది. దొంగ అన్న మీమ్ పోయింది. పాపం అన్నది మాత్రం ఉండిపోయింది. జాలిపడకూడదని ఏ నియమమూ లేదు మరి. రెండుసార్లు పైకి పంపాను, రెండుసార్లూ తిరిగొచ్చింది.

శిరీషకు సొంత మాటలతో జవాబివ్వడానికి మాకు వీల్లేదు. "ఒక పోస్టును తొలగించాం. రెండవది మా నియమాలకు విరుద్ధంగా లేదు" అన్న రెడీమేడ్ వాక్యాలు ఎంచుకుని బటన్ నొక్కాను. ఆమె ఉద్యోగం నిలిచిందో లేదో తెలుసుకునే మార్గం రివ్యూయర్‌కు ఉండదు.

ఓట్లు అడిగేవాళ్ళకు కొత్త బొమ్మతో పనిలేదని నాకు అప్పుడు తెలిసింది. జనం నవ్వి దగ్గరకు తీసుకున్న బొమ్మ దొరికితే చాలు, కింద మాట మారిస్తే సరి. తెలిసిన బొమ్మే కదా అని ఎవరూ మళ్ళీ చదవరు. చదవడమే ఉద్యోగమైన నేనూ చదవలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మనిషి ముఖమున్న బొమ్మను ఒక్కదాన్నీ లిస్టులో చేర్చలేదు.

ఈ మధ్య పాపం మీమ్ మళ్ళీ నా ఫోనులోకి వచ్చింది. ఈసారి ఇంకో ఊరు, ఇంకో అభ్యర్థి. అందరిలాగే ఫారం నింపి ఫిర్యాదు చేశాను. మా నియమాలకు విరుద్ధంగా లేదని జవాబొచ్చింది. శిరీషకు నేను పంపిన వాక్యమే, అక్షరం మారలేదు.